మెనూ టెస్టింగ్ ఫ్రెషర్ల పని కాదు

మాదాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం వైపు సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికే టెస్టింగ్ టీముల్లో చాలావాటికి ఒక అలవాటు ఉంది. కొత్తగా చేరిన పిల్లలకి మొట్టమొదట చేతికిచ్చే పని వెబ్‌సైట్ మెనూలు చూడటం. "పైన మెనూ ఉంది కదా, ఒక్కోటీ నొక్కి చూడు, సరైన పేజీ వస్తే పాస్ అని రాసెయ్" అంటారు. అదీ రిలీజ్ దగ్గర పడ్డాక, పెద్ద పనులనుకున్నవన్నీ అయిపోయాక. ఇది తప్పు పద్ధతి. మెనూలనీ సబ్‌మెనూలనీ చేత్తో పరీక్షించే పని టీంలో బాగా అనుభవం ఉన్నవాళ్లు చేయాలి, ప్రాజెక్టు మొదట్లోనే చేయాలి. చాలా ఏళ్లుగా ఈ నగరంలో మాన్యువల్ టెస్టింగ్, అంటే చేత్తో నొక్కి చూసే పరీక్ష, చేస్తూ బతుకుతున్నదాన్ని. ఈ మాట మీటింగుల్లో ఎన్నోసార్లు అన్నాను. ఇప్పుడు వివరంగా రాస్తున్నాను.

సైట్‌కి వచ్చిన ప్రతి మనిషీ వాడేది మెనూ. లోన్ పేజీ లోన్ కావాల్సినవాళ్లే చూస్తారు. ఫిర్యాదు ఫారం ఇబ్బంది పడ్డవాళ్లే తెరుస్తారు. మెనూ మాత్రం ప్రతి పేజీ నెత్తిన ఉంటుంది. లోపల పేజీని ఎంత బాగా కట్టినా, దాని దాకా తీసుకెళ్లే సబ్‌మెనూ సరిగ్గా తెరుచుకోకపోతే ఆ పేజీ లేనట్టే లెక్క. సెర్చ్ పెట్టె ఉంది కదా అంటారు. తమకి కావాల్సినదాన్ని ఆ సైట్ ఏ పేరుతో పిలుస్తోందో ముందే తెలిసినవాళ్లకి సెర్చ్ పనికొస్తుంది. తెలియనివాళ్లు మెనూ తెరిచి, ఉన్నవన్నీ చదువుకుని, వాటిలో తమ పని ఏదో పోల్చుకుంటారు.

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ ఉన్న బోర్డులు చదివితే మన రంగం ఈ పనికి ఎంత విలువ ఇస్తుందో తెలిసిపోతుంది. కోర్సులో మాన్యువల్ టెస్టింగ్ మొదటి మెట్టు, త్వరగా దాటేయాల్సినది. తర్వాత ఆటోమేషన్, అంటే మనిషి బదులు ప్రోగ్రామ్‌తో పరీక్ష చేయించడం. దానికి సెలీనియం అనే పరికరం, ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే తీరుని చూసే ఏపీఐ టెస్టింగ్, ఇప్పుడైతే ప్లేరైట్ అనే ఇంకో పరికరం, ఏఐ. ఇంటర్వ్యూలో "మాన్యువలేనా? ఆటోమేషన్ రాదా?" అని అడిగే తీరులోనే జీతం ఎంతిస్తారో అర్థమవుతుంది. ఆటోమేషన్ మీద నాకు కోపం లేదు. 2004లో థాట్‌వర్క్స్‌లో జేసన్ హగ్గిన్స్ సెలీనియం మొదలుపెట్టింది, మనుషులు ఒకే పనిని పదేపదే చేస్తూ అలసిపోకూడదనే. మెనూలో రెండొందల లింకులుంటే అవన్నీ బతికే ఉన్నాయో లేదో రోజూ రాత్రి మెషీన్ చూడాలి. ఆ పనికి మనిషిని కూర్చోబెట్టడం ఆ మనిషిని అవమానించడమే.

కానీ లింకు ఎక్కడికి వెళ్తుందన్నది ఒక ప్రశ్న. ఆ లింకు దాకా మనిషి వెళ్లగలుగుతున్నాడా అన్నది వేరే ప్రశ్న. మెషీన్ మొదటిదానికి జవాబు చెప్పి ఆగిపోతుంది. మెనూల్లో అసలు బగ్గులన్నీ (లోపాలన్నీ) రెండోదాంట్లోనే ఉంటాయి.

అన్నిటికంటే ఎక్కువగా కనపడేది ఐమూల దారి సమస్య. పైన వరసగా మెనూ ఐటమ్‌లు, ఒకదాని మీద మౌస్ పెడితే కింద జాబితా, ఆ జాబితాలో ఒకదాని మీద పెడితే పక్కన మూడో స్థాయి జాబితా. ఆ మూడో జాబితాలో నాలుగో లైన్ కావాలనుకోండి. చెయ్యి సహజంగా అటువైపు ఏటవాలుగా కదులుతుంది. ఆ కదలికలో మౌస్ కింద లైన్ అంచుని క్షణకాలం తాకుతుంది. అంతే, ఉన్న సబ్‌మెనూ మూసుకుపోయి కింద లైన్‌కి సంబంధించినది తెరుచుకుంటుంది. కావాల్సినది దొరకాలంటే ముందు అడ్డంగా తిన్నగా వెళ్లి, ఆ తర్వాత కిందకి దిగాలి. మనిషి చెయ్యి అలా కదలదు. ఇరుకు దారిలో కర్సర్‌ని నడిపించడానికి పట్టే సమయం, దారి పొడవుని వెడల్పుతో భాగిస్తే వచ్చేదాన్ని బట్టి పెరుగుతుందని 1997లో అకో, జాయ్ అనే పరిశోధకులు సూత్రమే ఇచ్చారు. సబ్‌మెనూలో ఒక లైన్ అంటే అచ్చంగా పొడవైన ఇరుకు దారే. 2013లో బెన్ కామెన్స్ అనే ఇంజనీరు అమెజాన్ మెనూని విడదీసి చూపించాడు. మౌస్ ఉన్న చోటి నుంచి సబ్‌మెనూ పై మూలకీ కింది మూలకీ ఒక ఊహా త్రిభుజం గీస్తారు. మౌస్ ఆ త్రిభుజం లోపల కదులుతున్నంతసేపూ సబ్‌మెనూ మారదు. అంటే పరిష్కారం తెలియనిదేమీ కాదు. అయినా ఈ బగ్ ప్రతి రెండో ప్రాజెక్టులో కనిపిస్తూనే ఉంది.

మా పెదనాన్నగారు కూకట్‌పల్లిలో ఉంటారు. డెబ్బై దాటాయి, కుడి చెయ్యి కొద్దిగా వణుకుతుంది. పెన్షన్ కాగితాల కోసం ఒక సైట్‌లో మూడో స్థాయి మెనూ దాకా వెళ్లాల్సి వచ్చింది. "ఏమ్మా, ఇది నేను దగ్గరికి పోయేసరికి పారిపోతోందేంటి?" అని అడిగారు. చదువుకున్న మనిషి, లెక్కలు రాసిన మనిషి. తప్పు తన చేతిదే అనుకున్నారు. నాకు ఎప్పుడూ బాధ కలిగించేది ఇదే. మెనూ పాడైందని వాడేవాళ్లకి తెలియదు. "నాకు కంప్యూటర్ రాదు" అనుకుని లేచిపోతారు. అలా లేచిపోయినవాళ్లు ఏ ఎర్రర్ లాగ్‌లోనూ కనపడరు.

ఇదే మెనూ మీద ఆటోమేషన్ స్క్రిప్ట్ నడిపితే పచ్చగా పాస్ అని వస్తుంది. స్క్రిప్ట్ కర్సర్‌ని ఐటమ్ నడిమధ్యన పెడుతుంది. దానికి చెయ్యి వణకదు, దారి తప్పదు. ఇంకా పెద్ద చిక్కు మరొకటి ఉంది. మెనూ మీద ఏదో బ్యానరో, చాట్ డబ్బానో అడ్డుపడినప్పుడు సెలీనియం నిజాయితీగా "ఎలిమెంట్ క్లిక్ ఇంటర్‌సెప్టెడ్" అని ఎర్రర్ ఇస్తుంది. అంటే నువ్వు నొక్కాలనుకున్నదాని మీద ఇంకేదో ఉంది అని అర్థం. అది అసలైన బగ్. అక్కడ మన స్క్రిప్ట్ రాసేవాళ్లు ఏం చేస్తారు? టెస్ట్ ఫెయిలవుతోందని జావాస్క్రిప్ట్‌తో నేరుగా క్లిక్ కొట్టిస్తారు. ఆ క్లిక్‌కి పైన ఏముందో అవసరం లేదు, కనపడని లింకుని కూడా నొక్కేస్తుంది. మామూలు మనిషి అలా నొక్కలేడు. మెషీన్ పట్టుకున్న బగ్‌ని మనమే చేతులారా దాచేసి, రిపోర్టులో నూటికి నూరు శాతం పాస్ అని పంపిస్తున్నాం. మెనూలకి సంబంధించిన ఆటోమేషన్ కోడ్‌లో జావాస్క్రిప్ట్ క్లిక్ ఎక్కడెక్కడ వాడారో ప్రతి టీమూ ఒకసారి వెతికి చూడాలి. దొరికిన ప్రతి చోటా ఒక మనిషి కూర్చుని చేత్తో నొక్కి చూడాలి.

ఇప్పుడు మౌస్ పక్కన పెట్టేద్దాం. ట్యాబ్, షిఫ్ట్ ట్యాబ్, ఎంటర్, స్పేస్, ఎస్కేప్, బాణం కీలు, ఇంతే. నా లెక్కలో ఇది మెనూ టెస్టింగ్‌లో అత్యంత విలువైన భాగం. ఎక్కువమంది ఎగ్గొట్టేది కూడా ఇదే. ట్యాబ్ నొక్కుతూ వెళ్తుంటే ఒక్కోసారి ఫోకస్, అంటే కీబోర్డుతో ఇప్పుడు ఎక్కడున్నామో చూపే గుర్తు, మాయమైపోతుంది. మళ్లీ మళ్లీ నొక్కితే ఎక్కడో పేజీ మధ్యలో తేలుతుంది. ఈలోపు అదెక్కడ తిరిగింది? మూసి ఉన్న సబ్‌మెనూల్లో. ఆ సబ్‌మెనూని పారదర్శకంగా మార్చి కంటికి కనపడకుండా చేశారు, కానీ పేజీలోంచి నిజంగా తీసేయలేదు. కంటికి లేనిది కీబోర్డుకి ఉంది. కోడ్‌లో డిస్‌ప్లే నన్ అనో, విజిబిలిటీ హిడెన్ అనో ఒక్క మాట రాస్తే పోయే బగ్ ఇది. ఇంకొన్ని చోట్ల ఫోకస్ గీతే వికారంగా ఉందని డిజైనర్లు తీయించేస్తారు. అప్పుడు ఎక్కడున్నామో తెలియక చీకట్లో నడిచినట్టే.

ఇలాంటి బగ్ రైజ్ చేస్తే వచ్చే జవాబు నాకు కంఠతా వచ్చు. "అక్కా, నా సిస్టమ్‌లో బాగానే వస్తోంది. అయినా మౌస్ లేకుండా ఎవరు వాడతారు?" చూపు లేనివాళ్లు వాడతారు. చేతులు సరిగ్గా కదలనివాళ్లు వాడతారు. ట్రాక్‌ప్యాడ్ పాడైనవాళ్లు వాడతారు. రోజంతా డేటా ఎంట్రీ చేసే బ్యాంకు ఉద్యోగులు వేగం కోసం వాడతారు. ఇది నా సొంత ఇష్టం కూడా కాదు. వికలాంగులతో సహా అందరూ సైట్లు వాడగలిగేలా పెట్టిన వెబ్ యాక్సెసిబిలిటీ ప్రమాణాల్లో, 2018 జూన్‌లో వచ్చిన 2.1లో 1.4.13 అనే నియమం అచ్చం ఇలాంటి మెనూల గురించే మాట్లాడుతుంది. మౌస్ పెట్టినప్పుడో ఫోకస్ వచ్చినప్పుడో తెరుచుకునేది ఏదైనా సరే, మౌస్ కదపకుండానే మూసేయగలగాలి. మౌస్‌ని దాని మీదకి జరిపినా మాయం కాకూడదు. దానంతటదే టైం చూసుకుని మూసుకుపోకూడదు. మా పెదనాన్నగారి అవస్థలో చాలా భాగం ఈ మూడు వాక్యాల్లోనే ఉంది.

తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ సంగతి కూడా చెప్పాలి. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితం. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే అంధ యువకుడు మొదలుపెట్టాడు, జేమ్స్ టే అనే మరో అంధ యువకుడు తోడయ్యాడు. డబ్బు లేదనే సాకు అక్కడ చెల్లదు. మెనూ బటన్ మీదకి వెళ్తే అది మూసి ఉందో తెరిచి ఉందో చెప్పాలి. నొక్కాక మారిన స్థితి చెప్పాలి. ఎస్కేప్ కొడితే మూసుకుని, ఫోకస్ మళ్లీ అదే బటన్ మీదకి రావాలి. తెలుగు సైట్లలో ఇంకో అడుగు ముందుకెళ్లాలి. పేజీ భాష తెలుగు అని కోడ్‌లో చెప్పకపోతే రీడర్ ఇంగ్లిష్ గొంతుతోనే చదవబోతుంది. తెలుగు లైన్లు వచ్చేసరికి ఏదో గొణుగుతుంది, లేదంటే అసలు నోరే మెదపదు. కంటితో చూస్తే మెనూ నిండుగా ఉంటుంది, వింటే ఖాళీ. ఏ లింక్ చెకరూ ఈ విషయం చెప్పదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కళ్లు మూసుకుని వినాల్సిందే.

తెలుగు అన్నాను కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుతాను. హైదరాబాద్‌లో తయారయ్యే ఎన్నో సైట్లకి తెలుగు వెర్షన్ ఉంటుంది. దాని మెనూని తెలుగు చదవడం వచ్చినవాళ్లు పరీక్షించడం మాత్రం అరుదు. మెనూ పట్టీ ఎత్తు ఇంగ్లిష్ అక్షరాలకి తగ్గట్టు పెడతారు. మన అక్షరాలు పైకి గుడులతో, కిందికి వత్తులతో పెరుగుతాయి. "రాష్ట్ర" లాంటి మాటలో ఒకే అక్షరానికి రెండు వత్తులుంటాయి. లైన్ ఎత్తు బిగించేసి, పొంగినది కోసేయమని కోడ్‌లో రాస్తే వత్తు తెగిపోతుంది. ఒక ప్రాజెక్టులో మెనూలో "పన్నులు" అని ఉండాల్సిన చోట కింద వత్తు తెగి "పనులు" అని కనపడింది. స్క్రీన్‌షాట్ చూసిన ఇద్దరు ఇంజనీర్లు, ఇద్దరూ తెలుగువాళ్లే, బాగానే ఉందన్నారు. ఎందుకంటే అదీ సరైన మాటే, ఆ మెనూలో ఉండదగ్గ మాటే. పన్ను కట్టడానికి వచ్చిన మనిషి మాత్రం అక్కడ నొక్కడు. మెషీన్‌కి ఈ లోపం పట్టుబడదు. కోడ్‌లో పదం అక్షరం పొల్లుపోకుండా ఉంది, తెర మీదే తెగింది.

పొడవు ఇంకో సమస్య. ఇంగ్లిష్‌లో ఒకే లైన్లో సర్దుకున్న ఏడు మెనూ ఐటమ్‌లు తెలుగులోకి మారాక రెండో లైన్లోకి జారతాయి. జారినప్పుడు సబ్‌మెనూ ఎక్కడ తెరుచుకోవాలన్న లెక్క తప్పుతుంది. మొదటి వరస సబ్‌మెనూ రెండో వరస ఐటమ్‌లని కప్పేస్తుంది. లేదా "ఫిర్యాదుల పరిష్కార..." అని మూడు చుక్కలు పెట్టి ఆపేస్తారు. మూడు లైన్లు అలాగే మొదలై అలాగే ఆగిపోతే వాడేవాళ్లు దేన్ని నొక్కాలి? భాష మార్చిన ప్రతిసారీ మెనూ మొత్తం మళ్లీ మొదటి నుంచి చూడాలి. అనువాదం వచ్చిన రోజే చూడాలి, రిలీజ్‌కి సరే అనే సైన్ ఆఫ్ రోజున కాదు.

జూమ్ కూడా ఇలాంటిదే. మొబైల్ మెనూ అంటే మొబైల్లోనే వస్తుందని చాలామంది నమ్మకం. 1280 పిక్సెళ్ల వెడల్పున్న తెరని 400 శాతం పెద్దది చేస్తే పేజీకి మిగిలేది 320 పిక్సెళ్లే. చూపు తగ్గినవాళ్లు ల్యాప్‌టాప్‌లో అలానే చదువుతారు, వాళ్లకి కనిపించేది మూడు గీతల బటనే. దాన్ని కీబోర్డుతో తెరవగలగాలి. తెరిచాక జాబితా తెర కంటే పొడవుంటే స్క్రోల్ అవ్వాలి. హెడర్‌ని (మెనూ ఉండే పై పట్టీని) పైన అతికించేసిన సైట్లలో చాలాసార్లు అవ్వదు. కింద ఉన్న నాలుగైదు ఐటమ్‌లు ఎప్పటికీ అందవు, వాటిలో లాగ్ అవుట్ ఒకటి.

ఫోన్ విషయం త్వరగా చెప్పేస్తాను, దాని గురించి అందరూ మాట్లాడుతూనే ఉన్నారు. డెస్క్‌టాప్ బ్రౌజర్‌ని చిన్నది చేసి చూడటం ఫోన్ టెస్టింగ్ కాదు. తక్కువ ధర ఆండ్రాయిడ్ ఫోన్ పట్టుకుని, అమీర్‌పేట స్టేషన్‌లో మెట్రో రైలు మారాక, ఒక చేత్తో కడ్డీ పట్టుకుని ఇంకో చేతి బొటనవేలితో మెనూ తెరవండి. పక్కపక్కన అతుక్కున్న రెండు ఐటమ్‌లలో ఏది నొక్కుకుంటుందో చూడండి. అవే యాక్సెసిబిలిటీ ప్రమాణాల్లో, 2023 అక్టోబర్‌లో వచ్చిన 2.2లో, నొక్కే చోటు కనీసం 24 బై 24 పిక్సెళ్లు ఉండాలని, కొన్ని మినహాయింపులతో చెప్పారు. ఊగే రైల్లో అది కూడా తక్కువేనని నా అనుభవం.

లాగిన్ అయ్యాక మారే మెనూల దగ్గర పని ఇంకా లోతుగా వెళ్తుంది. అడ్మిన్‌కి ఒక మెనూ, క్లర్కుకి ఒకటి, కస్టమర్‌కి ఒకటి. ఇక్కడ అనుభవం ఉన్న టెస్టర్ ఏం చేస్తారంటే, అడ్మిన్ మెనూలోని ఒక లింకు అడ్రసు కాపీ చేసుకుని, కస్టమర్‌గా లాగిన్ అయి నేరుగా ఆ అడ్రసు తెరుస్తారు. మెనూలోంచి తీసేసినంత మాత్రాన తలుపుకి తాళం వేసినట్టు కాదు. వెబ్ భద్రత కోసం పనిచేసే ఓవాస్ప్ సంస్థ 2021లో ప్రకటించిన టాప్ టెన్ భద్రతా లోపాల్లో యాక్సెస్ కంట్రోల్‌కి (ఎవరు ఏది తెరవచ్చో నియంత్రించడానికి) సంబంధించినవే మొదటి స్థానంలో ఉన్నాయి. అంత పెద్ద లోపాన్ని పట్టుకోవడానికి ఒక్కోసారి పెద్ద పరికరమేదీ అక్కర్లేదు. మెనూని శ్రద్ధగా చదివే మనిషి, "ఇది అతనికి కనపడకూడదు కదా, మరి అడ్రసు కొడితే?" అనే ఆలోచన చాలు. ఫ్రెషర్‌కి ఆ ఆలోచన రాకపోవడం వాళ్ల తప్పు కాదు. చేరిన వారానికే వాళ్ల మీద ఇంత పెట్టడం మన తప్పు.

ఎదురువాదం నాకు తెలుసు. ఇన్ని భాషలు, ఇన్ని తెరలు, అడ్మిన్, క్లర్కు, కస్టమర్ లాంటి ఇన్ని రోల్స్ కలిపితే లెక్క వేలల్లోకి పోతుంది, చేత్తో ఎప్పటికి అవుతుంది అంటారు. అన్నీ చేయమని నేను అనడం లేదు. ఏవి చేయాలో ఎంచుకోవడంలోనే అనుభవం కావాలి. మూడో స్థాయి ఉన్న మెనూలు, కుడి అంచున ఉండి తెర బయటికి తెరుచుకునేవి, అన్నిటికంటే పొడవైన తెలుగు లేబుల్, ఎక్కువ జూమ్, ఎక్కువ హక్కులున్న రోల్, అతి తక్కువ హక్కులున్న రోల్. వీటిని చూస్తే మిగతావాటి ఆరోగ్యం చాలావరకు తెలిసిపోతుంది.

ఆటోమేటిక్ యాక్సెసిబిలిటీ పరికరాలున్నాయి కదా అని ఇంకొందరంటారు. 2017లో బ్రిటన్ ప్రభుత్వ డిజిటల్ సర్వీస్‌వాళ్లు కావాలనే వందకు పైగా లోపాలతో ఒక పేజీ తయారుచేసి, పది పరికరాలతో పరీక్షించారు. వాటిలో ఏ ఒక్కటీ సగం లోపాల్ని కూడా పట్టుకోలేకపోయింది. ఇక ఏఐ ఏజెంట్లు వస్తున్నాయి, అవే నొక్కి చూస్తాయి అంటున్నారు. రానివ్వండి, లింకులూ, పాతవి చెడిపోలేదని మళ్లీ చూసే రిగ్రెషనూ వాటికప్పగిద్దాం. వాటిలో చాలా పేజీ వెనకున్న నిర్మాణాన్ని చదువుకుని పనిచేస్తాయి. తెగిన వత్తు, వణికే చెయ్యి, ఊగే రైలు ఆ నిర్మాణంలో ఉండవు.

చట్టం కూడా ఇప్పుడు ఈ వైపే ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం సమాచారం అందరికీ అందుబాటులో ఉండాలంది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ కేవైసీకి సంబంధించిన కేసులో, డిజిటల్ సేవలు అందుకునే హక్కు ఆర్టికల్ 21 కింద జీవించే హక్కులో భాగమని చెప్పింది. కేవైసీ పేజీ దాకా వెళ్లాలన్నా ముందు మెనూ దాటాలి.

కాబట్టి మేనేజర్లని నేను అడిగేది ఇది. మెనూ టెస్టింగ్‌ని మొదటి స్ప్రింట్‌లోకి, అంటే ప్రాజెక్టు మొదటి పని విడతలోకి, తీసుకురండి. సీనియర్‌కి ఇచ్చి, పక్కన ఫ్రెషర్‌ని కూర్చోబెట్టండి, ఆ పిల్లలు చూసి నేర్చుకుంటారు. మన నగరంలోనే దేవ్‌నార్ అంధుల పాఠశాల ఉంది, ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. అలాంటి చోట్ల చదివి, శిక్షణ పొంది బయటికి వచ్చి, రోజూ స్క్రీన్ రీడర్‌తో పనిచేసేవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లని పిలిచి, తగిన డబ్బు ఇచ్చి, మీ మెనూ వాడి చూపించమనండి. ఊరికే ఫీడ్‌బ్యాక్ ఇమ్మని అడగకండి, అది వాళ్ల నైపుణ్యం.

కొత్తగా వచ్చిన టెస్టర్లకి ఒక మాట. మెనూ బగ్ రాసేటప్పుడు "సబ్‌మెనూ పనిచేయడం లేదు" అని రాస్తే "రీప్రొడ్యూస్ కావడం లేదు", అంటే మేం చేస్తే ఆ బగ్ రావడం లేదు, అని తిరిగొస్తుంది. తెర వీడియో తీసి జోడించండి, అందులో మౌస్ వెళ్లిన దారి కనపడాలి. బ్రౌజర్, తెర వెడల్పు, జూమ్ శాతం, భాష, ఏ రోల్‌తో లాగిన్ అయ్యారో రాయండి. కీబోర్డు బగ్ అయితే ఏ కీ ఎన్నిసార్లు నొక్కారో వరసగా రాయండి. బగ్ ఎంత తీవ్రమో చెప్పే సివియారిటీ దగ్గర "మైనర్" అని పెట్టే ముందు, ఆ మెనూ వెనక ఏ పేజీలున్నాయో తెరిచి చూడండి. పెన్షన్, ఫిర్యాదు, చెల్లింపు ఉంటే అది మైనర్ కాదు. ఎవరైనా తగ్గించమంటే, కారణం ఆ బగ్ నమోదైన టికెట్‌లోనే రాయమని అడగండి.